యాక్షన్‌కి ముందు, కట్ తరవాత

ఆ రోజు రాతి పలకల కర్మాగారంలో మాస్కుల పెట్టె తెరిచారు.

రెండు పక్కలా గుండ్రటి ఫిల్టర్లు, మెత్తటి రబ్బరు అంచులు, తల వెనక బిగించుకునే పట్టీలు ఉన్న మంచి మాస్కులవి. ఒక్కోటీ ఒక్కో ప్లాస్టిక్ సంచిలో ఉంది. స్టోరు గుమాస్తా సంచి విప్పి, మాస్కు పనివాడి చేతికిచ్చి, సంచిని మాత్రం మడత చెడకుండా తన దగ్గరే పెట్టుకుంటున్నాడు. పనివాళ్ళు మాస్కుల్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వుకుంటున్నారు.

“ఇందులో ఏది పైకి, ఏది కిందకి?” అని ఒకడు అడిగాడు.

“నీ మొహానికి ఎలా తగిలించినా ఒకటేలే” అన్నాడు పక్కవాడు.

పాఠకులారా, ఇక్కడ మీరు కూడా నవ్వితే నాకు అభ్యంతరం ఉంది. పదహారేళ్ళుగా రాతి దుమ్ములో పనిచేస్తున్న మనిషికి మాస్కు ఎలా పెట్టుకోవాలో తెలియలేదంటే అందులో నవ్వాల్సిందేమీ లేదు. తనిఖీ అధికారులు వచ్చిన రోజు తప్ప ఆ పెట్టె తెరుచుకోదు. ఈసారి తెరిచింది సినిమా కోసం.

సినిమా అంటే పాటలూ ఫైట్లూ ఉన్నది కాదు. ‘మా భద్రత, మా బాధ్యత’ అని కర్మాగారం వాళ్ళు తీయిస్తున్న ఎనిమిది నిమిషాల చిత్రం. తీస్తున్నావిడకి ముప్పై మూడేళ్ళు. ప్రతి షాటూ రెండోసారి తీయనిదే ఒప్పుకోదు గనక ఆమెతో పనిచేసినవాళ్ళందరూ ఆమెను ‘వన్‌మోర్’ అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె కూడా పలుకుతుంది. ఈ పని ఆమెకు ఇప్పించింది ఆమె బావ, అంటే అక్క మొగుడు. ఆయన ఆ కర్మాగారంలోనే చేతి గ్రైండరుతో పలకల అంచులు అరగదీస్తాడు. “మా మరదలు సినిమాలు తీస్తుంది సార్, బయటివాళ్ళెందుకు?” అని మేనేజరు గదిలోకి వెళ్ళి మరీ చెప్పాడు.

వన్‌మోర్‌కి చిన్నప్పటినుంచీ సినిమా పిచ్చి. సమాజాన్ని పట్టి కుదిపే సినిమా ఒక్కటి తీస్తే చాలు, తను పుట్టినందుకు అర్థం ఉంటుందని ఆమె నమ్మకం. అలాంటి సినిమా తీయమని ఎవరూ ఇంటికొచ్చి పిలవరు గనక, ఈలోగా సబ్బుల కంపెనీకి ఒకటీ, సిమెంటు కంపెనీకి ఒకటీ తీసిపెడుతూ వచ్చింది. ఆ ఈలోగాకి పదకొండేళ్ళు నిండాయి. “ఇదంతా పొట్టకూటికి. అసలు సినిమా తరవాత తీస్తాను” అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది. మనలో చాలామందికి ఇలాంటి ‘తరవాత’ ఒకటి ఉంటుంది. దాన్ని అడ్డం పెట్టుకుని ఇవాళ చేయకూడని పనులన్నీ చేస్తుంటాం.

ఆ ఉదయం ఆమె తన షూటింగు వాళ్ళందరికంటే ముందే వచ్చి, మామూలుగా పని నడుస్తున్నప్పుడు వెలుతురు ఎలా ఉందో చూసుకోవడానికి రెండు మూడు షాట్లు తీసుకుంది. తరవాత పని ఆపించారు. నేల కడిగారు. యంత్రాలు తుడిచారు. కెమెరాకి పొద్దున వేసిన ప్లాస్టిక్ తొడుగు తీయకుండా, షాటు షాటుకీ మెత్తటి గుడ్డతో లెన్సు తుడుస్తూ వచ్చింది. రాతి దుమ్ము ఒక్కసారి లోపలికి పోతే ఆ కెమెరా ఇక దేనికీ పనికిరాదని ఆమెకు బాగా తెలుసు.

చిత్రంలో మాట్లాడవలసింది బావ. మాస్కు మెడలోకి దించుకుని, కెమెరాలోకి చూస్తూ, “మా ఊపిరికి మా యాజమాన్యమే కాపలా” అనాలి. అంతే, ఒక్క వాక్యం. ‘మా ఊపిరికి’ అనగానే దగ్గు వచ్చింది.

“వన్‌మోర్” అంది ఆమె.

మళ్ళీ దగ్గు వచ్చింది. నాలుగోసారీ, ఐదోసారీ అంతే. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు.

“బావా, పది సెకన్లు. పదే పది సెకన్లు ఆపుకో.”

“ఆపుకుంటాలే మరదలా. అదేమన్నా నా మాట వింటుందా? మీ అక్క తరవాత నా మాట విననిది ఇదొక్కటే.”

అందరూ నవ్వారు. ఎనిమిదోసారి ఆయన పళ్ళు బిగపట్టి, దగ్గు గొంతులోనే తొక్కిపెట్టి, వాక్యం మొత్తం చెప్పేశాడు. ఆ బిగపట్టడానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తెర మీద చూస్తే అవి కృతజ్ఞతతో వచ్చిన కన్నీళ్ళలాగే ఉన్నాయి. “అబ్బ, ఏడిపించేశాడండీ!” అని మేనేజరు మురిసిపోయాడు. వన్‌మోర్ కూడా మురిసింది.

“కట్” అన్న పది నిమిషాల్లో మాస్కులన్నీ సంచుల్లోకి, సంచులన్నీ పెట్టెలోకి వెళ్ళిపోయాయి. గ్రైండర్లు మొదలయ్యాయి. దుమ్ము లేస్తుంటే ఆమె గబగబా కెమెరా సర్దుకుని బయటపడింది. ఆ ఏడాది కర్మాగారం వాళ్ళకి ఉత్తమ భద్రతా చిత్రమని ఎవరో బహుమతి కూడా ఇచ్చారు.

రెండేళ్ళు గడిచాయి.

బావ ఇప్పుడు మంచం మీంచి గుమ్మం దాకా నడవడానికి రెండుసార్లు ఆగుతున్నాడు. పనిలోంచి ఎప్పుడో తీసేశారు. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము పేరుకుపోయిందనీ, పోయిన భాగం తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోవాలంటే క్రమం తప్పకుండా వైద్యం జరగాలనీ డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆ షెడ్డులో పనిచేసినవాళ్ళలో ఇంకో పధ్నాలుగు మందిది ఇదే పరిస్థితి. వైద్యం బాధ్యత కర్మాగారమే తీసుకోవాలని పదిహేను మందీ కలిసి కార్మిక శాఖకు అర్జీ పెట్టుకున్నారు.

విచారణకు బావని అక్క చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. యాజమాన్యం తరఫు వకీలు ఎక్కువ మాట్లాడలేదు. “మా వాళ్ళకి మాస్కులు ఇచ్చాం, వాళ్ళు వాడారు. ఈ జబ్బు బయటెక్కడో తగిలించుకున్నది. సాక్ష్యం చూడండి” అని ల్యాప్‌టాప్ తెరిచి అధికారి వైపు తిప్పాడు.

ఎనిమిది నిమిషాల చిత్రం నడిచింది. కడిగిన నేల, తుడిచిన యంత్రాలు, మాస్కులు పెట్టుకున్న ఇరవై మొహాలు. చివర్లో బావ. కళ్ళ నీళ్ళతో “మా ఊపిరికి మా యాజమాన్యమే కాపలా.”

అధికారి తెర వంక చూసి, ఎదురుగా ఉన్న మనిషి వంక చూశాడు. “ఇది నువ్వేనా?”

“నేనేనండి.”

“నిన్ను బలవంతం చేశారా?”

బలవంతం చేసిందెవరు? పని ఇప్పించింది తనే, తీసింది మరదలు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. “లేదండి” అన్నాడు. వకీలు ల్యాప్‌టాప్ మూసేశాడు. అధికారి మూడు వారాలు గడువిచ్చి, ఈలోగా వేరే సాక్ష్యం ఉంటే తెచ్చుకోమన్నాడు. కార్మికుల దగ్గర ఏం సాక్ష్యం ఉంటుంది? దగ్గు తప్ప.

అక్క ఆయన్ని ఇంట్లో దింపి, తిన్నగా చెల్లెలి స్టూడియోకి వెళ్ళింది. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నీ సినిమా చూశారే ఇవాళ. అందరికీ నచ్చింది.”

“ఏ సినిమా అక్కా?”

“మీ బావని మంచాన పడేసిన సినిమా.” జరిగినదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు పెంచలేదు. “అంత షెడ్డులో మాట్లాడించడానికి నీకు మీ బావే దొరికాడా?”

“బావే కదక్కా నాకు ఆ పని ఇప్పించింది. కాదని ఇంకొకరిని పెడితే బాగుండదని...”

“అవునే. తన పీక తనే కోసుకున్నాడు. కత్తి నువ్వు అందించావు, అంతే.”

“అది మామూలు కంపెనీ సినిమా అక్కా. అందరూ అలాగే తీస్తారు. ఇలా వాడతారని నాకేం తెలుసు?”

“నీకు తెలీదా? మాస్కులు పెట్టుకోమన్నది నువ్వు. తీసి ఇచ్చెయ్యమన్నది నువ్వు. ఆ మధ్యలో జరిగింది అబద్ధమని నీకు తెలీదా?”

అక్క తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. వేయకుండానే వెళ్ళిపోయింది.

ఆ తరవాత చెల్లెలి మనసులో ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఏడ్చింది, నిజమే. తిండి సహించలేదు, అదీ నిజమే. కానీ రెండో రోజుకల్లా ఆ ఏడుపు లోపలినుంచి ఓ ఉత్సాహం తన్నుకొచ్చింది. ఇదే నా అసలు సినిమా! పదమూడేళ్ళుగా వెతుకుతున్నది ఇదే! పదిహేను మంది కార్మికులు, వాళ్ళ దగ్గు, వాళ్ళ పిల్లలు, దీపం వెలుతురులో ఎక్స్‌రేలు... షాట్లు కూడా కళ్ళ ముందు ఆడాయి. పక్కవాడి ఇల్లు తగలబడుతుంటే మంటలు ఎంత బాగా కనబడుతున్నాయో చూసుకునే జాతి ఒకటుంది. కళాకారులమని చెప్పుకునేవాళ్ళలో అది కాస్త ఎక్కువ. ఈ మాట రాయకుండా ఆపేంత జాలి నాకు వాళ్ళమీద లేదు.

కెమెరా భుజానికి తగిలించుకుని ముందు ‘మైకు’ ఇంటికి వెళ్ళింది. షెడ్డులో దుమ్ము ఊడ్చే పని చేసిన ఆవిడ ఈ మైకు. ఇరవై గ్రైండర్లు మోగుతున్నా ఆవిడ కేక అవతలి గోడ దాకా వినబడేది, అందుకా పేరు. ఇప్పుడు ఆ గొంతు గుమ్మం దాటడం లేదు.

“నీకేం కావాలమ్మాయ్?”

“మీ బాధ లోకానికి చెబుదామనుకుంటున్నానండి. మీరు జరిగింది చెప్పండి చాలు, నేను తీసుకుంటాను.”

“లోకానికి తెలీదని నీకెవరు చెప్పారు? మేం నున్నగా చేసిన రాయి మీదే కదా లోకమంతా చెప్పులేసుకుని నడుస్తోంది.” ఆగి ఊపిరి తీసుకుంది. “పోయినసారి నవ్వమన్నావు, నవ్వాం. ఈసారి ఏడవమంటావు. నువ్వు చెప్పినప్పుడల్లా నవ్వుతూ ఏడుస్తూ ఉండడానికి మేం నీ జీతగాళ్ళమా?”

“అప్పుడు నేను తప్పు చేశానండి. ఇప్పుడు దిద్దుకోవాలని...”

“నీ తప్పు నువ్వు దిద్దుకోవడానికి మా మొహాలెందుకు? నీకు లేదా మొహం?”

మైకు కొడుకు వచ్చి తలుపు వేశాడు. మిగతా ఇళ్ళల్లో ఆ మాత్రం మాటలు కూడా లేవు. ఒకాయన కిటికీలోంచే వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాడు. ఇంకో ఇంటి ముందు కూర్చున్న ముసలాయన, “నవ్వమ్మా, ముందు నువ్వు నవ్వు, చూస్తాం” అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమెకు తల తీసేసినట్టయింది.

చివరికి అక్క ఇంటికి వెళ్ళింది. అక్క ఇంట్లో లేదు. బావ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పడుకుంటే ఊపిరి ఆడదు. మరదలిని చూసి పలకరించలేదు. ఆమె భుజాన ఉన్న కెమెరాని చూశాడు.

“బావా, ఈసారి నిజం తీస్తాను. నువ్వు దగ్గినా ఆపను. ఎంత దగ్గినా...”

“ఓహో. నా దగ్గు అప్పుడు పనికిరాలేదు. ఇప్పుడు పనికొచ్చిందా?”

“నీ కోసమే బావా.”

“నా కోసమైతే ఆ పెట్టె ఎందుకు మోసుకొచ్చావు?” ఒక్కో మాటకీ ఆగుతూ అన్నాడు. “ఆ రోజు ఎనిమిదోసారికి దగ్గు ఆపుకున్నాను నీ మాట విని. ఇంటికెళ్ళాక రక్తం పడింది. మీ అక్కకి కూడా చెప్పలేదు, నీకు చెడ్డపేరు వస్తుందని. ఇంక నా దగ్గర తీసుకోవడానికి ఏం మిగల్లేదే. నీ దగ్గరేం ఉందో పోయి చూసుకో.”

మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె వచ్చేసింది.

‘నీ దగ్గరేం ఉందో చూసుకో’ అన్నమాట బావ కోపంతో అన్నాడో, తెలిసి అన్నాడో గానీ, అది ఆమెను నిలవనివ్వలేదు. స్టూడియోలో పాత హార్డ్ డిస్కులన్నీ అట్టపెట్టెలో ఉన్నాయి. వాటిలోంచి కర్మాగారం షూటింగుది వెతికి తీసింది. ఆమెకు పనిలో ఓ అలవాటుంది. ‘యాక్షన్’ అనడానికి చాలా ముందే కెమెరా నడిపిస్తుంది, ‘కట్’ అన్నాక కూడా కాసేపు ఆపదు. అతికేటప్పుడు ప్రతి ముక్కకీ అటూ ఇటూ కాస్త జాగా ఉండాలని. ఆ జాగా ఏ సినిమాలోనూ చేరదు. కత్తిరించి పారేసే భాగం అది.

ఆ పారేసిన భాగం ఆమె మొదటిసారి శ్రద్ధగా చూసింది.

స్టోరు గుమాస్తా సంచులు విప్పుతున్నాడు. “ఏది పైకి, ఏది కిందకి?” అని ఎవరో అడుగుతున్నారు. “ఫిల్టర్లమీద వేళ్ళు పెట్టకండయ్యా, తిరిగి లోపల పెట్టాలి” అంటున్నాడు గుమాస్తా. కెమెరా వెనకనుంచి ఆమె గొంతు, “అందరూ పెట్టుకున్నారా? రెడీ, యాక్షన్!” మళ్ళీ ఆమె గొంతే, “కట్! మాస్కులు ఇచ్చెయ్యండి, వాళ్ళకి సర్దుకోవాలట.” ఆ వెంటనే, కెమెరా ఇంకా నడుస్తుండగానే, ఉత్త మొహాలతో జనం గ్రైండర్ల దగ్గరికి వెళ్ళడం. బావ ఎనిమిది టేకులు. ప్రతి టేకు తరవాతా వంగిపోయి మోకాళ్ళు పట్టుకుని దగ్గడం. దానిమీద ఆమె గొంతు, “వన్‌మోర్.”

ఆ రోజు పొద్దున్నే వెలుతురు కోసం తీసిన ముక్క చివర్లో దొరికింది. అందులో పని మామూలుగా నడుస్తోంది. మనుషులు దుమ్ములో నడుముల పైకే కనబడుతున్నారు. ఎవరికీ మాస్కు లేదు. మెరుగుపెట్టిన నల్లటి పలక ఒకటి గోడకి ఆనించి ఉంది. ఆ పలకలో కెమెరా కనబడుతోంది, పట్టుకున్న మనిషీ కనబడుతోంది. “ఛ, పలకలో నేను పడుతున్నాను, ఇది పనికిరాదు” అన్న ఆమె మాట కూడా రికార్డయింది. తీసేవాళ్ళు తెరమీద కనబడితే ఆ షాటు చెత్తబుట్టకే, అది ఈ వృత్తిలో మొదటి పాఠం. అందుకే అప్పుడు దాన్ని రెండోసారి చూడకుండా పక్కన పడేసింది.

ఇప్పుడు ఆపి చూసింది. పలకలో ఉన్న మనిషికి మాస్కు ఉంది. ఇంటినుంచి తను తెచ్చుకున్న మాస్కు, ముక్కు దగ్గర గట్టిగా నొక్కి మరీ పెట్టుకుంది. చేతిలో ఉన్న కెమెరాకి ప్లాస్టిక్ తొడుగు ఉంది. వెనకాల, ఐదడుగుల దూరంలో, గ్రైండరు పట్టుకుని వంగిన బావ మొహానికి మాత్రం ఏమీ లేదు.

పాఠకులారా, ఆమెకు తెలియదని ఇంక ఎవరైనా అనగలరా? దుమ్ము మంచిది కాదని తెలిసే తన ముక్కు కాపాడుకుంది. తెలిసే యంత్రం కళ్ళు కాపాడుకుంది. మధ్యలో బావ ఉన్నాడు, ఆయన సంగతి తట్టలేదు. చెడ్డవాళ్ళు కావాలని చేసే అన్యాయం కంటే, మంచివాళ్ళమని అనుకునేవాళ్ళు తట్టక చేసేది మన మధ్య ఎక్కువగా ఉంది. ఆమె ఆ తెర ముందు కూర్చుని తనను తాను తిట్టుకుంది. ఆ తిట్లు ఇక్కడ అచ్చువేయదగ్గవి కావు.

కర్మాగారం మేనేజరుకి ఎలా తెలిసిందో, మర్నాడే ఫోన్ వచ్చింది.

“ఏమ్మా, పాత ఫుటేజి తవ్వుతున్నావట? అది మాది. ఒప్పందంలో ఉంది. చెరిపేసి ఆ మాట కాగితం మీద రాసి పంపు.”

“అందులో ఉన్నది మీరే కాదు సార్, నేను కూడా ఉన్నాను.”

“అదే చెబుతున్నా. బయటపెడితే మా పరువు ఎంత పోతుందో నీదీ అంతే పోతుంది. ఆ తరవాత ఏ కంపెనీ నిన్ను గేటు లోపలికి రానివ్వదు. తెలివైనదానివి, ఆలోచించుకో.”

“ఆలోచించుకునే తవ్వాను సార్” అని పెట్టేసింది. భయం వేయలేదని నేను చెప్పను.

తొమ్మిది నిమిషాల చిత్రం తయారైంది. సంగీతం లేదు, వ్యాఖ్యానం లేదు. యాక్షన్‌కి ముందూ కట్ తరవాతా జరిగింది మాత్రమే ఉంది. దాన్ని తీసుకుని ఆమె తిన్నగా విచారణకు వెళ్ళలేదు. ముందు మైకు ఇంటికి వెళ్ళింది. ఈసారి భుజాన కెమెరా లేదు. గుమ్మంలోనే ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. ఇరుగుపొరుగున ఉన్న కార్మికులు కూడా వచ్చి వెనకాల నిలబడి చూశారు. ఎవరూ మెచ్చుకోలేదు.

“ప్రతిచోటా నీ గొంతే వినబడుతోంది. మమ్మల్ని అదిలించేదానివి నువ్వే అయ్యావు. అది తీసెయ్యవా?” అంది మైకు.

“తియ్యనండి.”

“నలుగురూ ఉమ్మేస్తారు మరి.”

“వెయ్యనివ్వండి.”

మైకు ఆమెను పైనుంచి కింద దాకా చూసింది. “సరే, తీసుకుపో” అంది. లోపలికి రమ్మని మాత్రం అనలేదు.

విచారణ గదిలో ఆ తొమ్మిది నిమిషాల చిత్రం నడిచింది. బావ దగ్గు తెరమీదా వినబడింది, గదిలోనూ వినబడింది. ఏది ఎక్కడిదో కాసేపు తెలియలేదు. వకీలు లేచాడు.

“ఈ ఆడగొంతు ఎవరిది?”

“నాదేనండి” అంది వన్‌మోర్.

“అంటే డబ్బు తీసుకుని ఆ సినిమా తీసింది నువ్వు. ఇప్పుడు బావగారి కోసం ఈ సినిమా తెచ్చింది కూడా నువ్వే. ఈ రెంటిలో అబద్ధం ఏది?”

“మొదటిదండి.”

“అయితే నువ్వు అబద్ధాలకోరువని ఒప్పుకుంటున్నావు.”

“ఒప్పుకుంటున్నాను. రాసుకోండి. మాస్కులు పెట్టుకోమన్నది నేను. తీసెయ్యమన్నది నేను. దగ్గే మనిషిని దగ్గొద్దన్నది నేను. అబద్ధం ఎలా తయారైందో తయారుచేసిన మనిషి కంటే బాగా ఎవరు చెబుతారండీ?”

“ఒప్పందం ప్రకారం ఈ ఫుటేజి నా క్లయింటుది. దీన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదు” అని వకీలు అధికారి వైపు తిరిగాడు.

పదవీ విరమణకు దగ్గరపడ్డ ఆ అధికారి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. “ఈ ఫుటేజిలోంచి కత్తిరించిన ముక్కనే కదండీ మీరు నాకు సాక్ష్యంగా చూపించారు? ముక్క మీకు పనికొచ్చినప్పుడు మొత్తం నాకు పనికొస్తుంది” అన్నాడు. స్టోరు పుస్తకాలు తెప్పించాడు. గుమాస్తాని పిలిపించి అడిగితే, రెండేళ్ళలో ఒక్క ఫిల్టరు కూడా మార్చలేదని చెప్పక తప్పలేదు. వాడితే కదా మార్చడానికి! పదిహేను మంది జబ్బూ ఆ షెడ్డు దుమ్ము వల్ల వచ్చిందేననీ, వాళ్ళ వైద్యం బతికున్నంత కాలం కర్మాగారమే చూసుకోవాలనీ ఉత్తర్వు వేశాడు. ఆ ఉత్తర్వు వచ్చే లోపు పదిహేను మందిలో ఇద్దరు పోయారు. వాళ్ళలో మైకు ఒకరు.

మేనేజరు అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆమెకు కంపెనీ పనులన్నీ ఆగిపోయాయి. స్టూడియో ఖాళీ చేసి, సామానంతా ఇంట్లో ఒక గదిలోకి చేర్చుకుంది. కానీ ఆ తొమ్మిది నిమిషాల చిత్రం గురించి పత్రికల్లో రాశారు. పెద్ద చిత్రోత్సవం వాళ్ళు పిలిచి, వేదికమీద సన్మానం చేస్తామన్నారు. కెమెరా సంచి భుజాన వేసుకుని, ఆ ఉత్తరం పట్టుకుని ఆమె అక్క ఇంటికి వచ్చింది.

బావ ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. మంచం పక్కన యంత్రం పెద్దగా శబ్దం చేస్తోంది. అక్క ఉత్తరం చదివి, ఏమీ అనకుండా ఆయన చేతికిచ్చింది.

“ఇన్నాళ్ళకి నా బతుక్కి ఓ అర్థం దొరికింది బావా” అంది మరదలు.

“దొరికిందా?” అన్నాడు బావ. ఉత్తరం చదవలేదు. “ఎప్పుడు ఆ సన్మానం?”

“పదో తారీకు.”

“ఆ అవతలి క్వారీ కూలీలు తమ పని కూడా తియ్యడానికి నిన్ను రమ్మని ఎన్నిసార్లు కబురు పెట్టారు?”

ఆమె తల దించుకుంది. “మూడుసార్లు. చిత్రోత్సవం అయిపోగానే వెళ్దామని...”

“అయిపోగానే! అక్కడ నలభై మంది ఉత్త ముక్కుల్తో రాయి కొడుతున్నారే ఇవాళ. నువ్వు దండ వేయించుకుని వచ్చేదాకా దుమ్ము ఆగుతుందా?” కోపానికి ఊపిరి అందక ఆగాడు. అక్క వచ్చి వీపు నిమరబోతే చెయ్యి తోసేశాడు. “నిన్ను మెచ్చుకోమంటావా? మెచ్చుకోను. నీకు దొరికిన అర్థం నా ఛాతీలోంచి తీసుకున్నది. మైకు గొంతులోంచి తీసుకున్నది. మా సినిమా చూసి జనం కళ్ళు తుడుచుకుంటారు, నాకు తెలుసు. తుడుచుకుంటే మాకేం ఒరిగింది? ఆ నలభై మందికి మాస్కు రావాలి. వాళ్ళ దగ్గర దుమ్ముమీద నీళ్ళు చల్లాలి. అదయ్యేలా తియ్యగలవా? అయితే తియ్యి. చాతకాకపోతే ఆ కెమెరా అమ్మేసుకో.”

“వెళ్తాను బావా. రేపే వెళ్తాను.”

“రేపెందుకు? బస్సులు లేవా?”

ఆమె లేచింది. అక్క గుమ్మం దాకా వచ్చి, ఏమన్నా తిన్నావా అని కూడా అడగలేదు. కెమెరా సంచి మాత్రం తీసి భుజానికి అందించింది. లోపల్నుంచి బావ గొంతు, యంత్రం శబ్దానికి పైగా, ఆగి ఆగి వినబడింది.

“ఇదిగో, ఒక్కటి గుర్తుపెట్టుకో. మనిషి పోయాక తీసే సినిమా నీ పేరు కోసం. మనిషి ఉండగా తీస్తేనే అది మనిషి కోసం.”